పొద్దున్నే పెనం మీద కెసడియా

ఒరేయ్ శీనూ,

ఉట్టి కాఫీ తాగేసి క్లాసుకి పరిగెడుతున్నావని పిన్ని ఫోన్ చేసి మరీ చెప్పింది. మధ్యాహ్నం రెండింటిదాకా కడుపు మాడ్చుకుని ల్యాబులో కూర్చుంటే చదువు బుర్రకెక్కుతుందా? రోజూ ఇడ్లీ పిండి రుబ్బుకోమని నేను చెప్పను. టెక్సాస్‌లో ఉన్నావు కదా, ఇక్కడి తిండే నేర్చుకో. గుడ్డు, బంగాళాదుంప, బీన్స్, చీజ్ పెట్టి ఒక్క కెసడియా, అదే మెక్సికో వాళ్ల మడత రొట్టె, కాల్చుకున్నావంటే మధ్యాహ్నందాకా ఆకలన్న మాటే ఉండదు.

ముందు టోర్టియా, అంటే దానికి వాడే పల్చటి రొట్టె సంగతి. మెక్సికో నగరంలో కెసడియా అంటే మొక్కజొన్నదే. సున్నపు నీళ్లలో ఉడికించి నానబెట్టిన గింజల్ని రుబ్బి, ఆ ముద్దని ఒత్తి, కోమాల్ అనే పెనం మీద కాలుస్తారు. లోపల గుమ్మడి పువ్వులు పెడతారు, మొక్కజొన్న కంకికి పట్టే వీట్లాకోచే అనే నల్లటి బూజు కూడా పెడతారు. విచిత్రం ఏంటంటే అక్కడ చాలాచోట్ల చీజ్ కావాలంటే విడిగా అడగాలి! గోధుమ టోర్టియా మెక్సికో ఉత్తరాన సొనోరా, చివావా రాష్ట్రాల వాళ్ల అలవాటు. సరిహద్దుకి ఇవతల మన టెక్సాస్‌లోనూ అదే ఎక్కువ. నువ్వూ గోధుమదే తీసుకో, పది అంగుళాలది. నిండుగా కూరి మడిచినా విరగదు.

చీజ్ దగ్గర మాత్రం నా మాట విను. తురిమి ప్యాకెట్లో అమ్మేది కొనకు. ముక్కలు అతుక్కోకుండా దానికి పిండి పదార్థం పట్టిస్తారు, అందుకే నున్నగా కరగదు. మాంటెరీ జాక్ గడ్డ కొని అప్పటికప్పుడు తురుముకో. ఒహాకా చీజ్ దొరికితే ఇంకా మంచిది. అది దారపు ఉండలా చుట్టి ఉంటుంది, చేత్తో పోగులు పోగులుగా లాగి పరిచెయ్యడమే.

ఇక లోపలికి. చిన్న బంగాళాదుంప ఒకటి సన్నగా తరిగి, అంచులు ఎర్రబడేదాకా నూనెలో వేయించు. అందులోనే ఉల్లిపాయ, హలపీన్యో మిరపకాయ, చిటికెడు జీలకర్ర పొడి. టెక్స్-మెక్స్, అంటే టెక్సాస్, మెక్సికో రుచులు కలిసిన వంటలో జీలకర్ర ధారాళంగా వాడతారులే, మొహమాటపడకు. డబ్బాలో బ్లాక్ బీన్స్ కడిగి, నీళ్లు పూర్తిగా వంచేసి, గరిటెతో మెదిపి పెట్టుకో. రెండు గుడ్లు గిలక్కొట్టి సన్న సెగ మీద కలుపుతూ, ఇంకా కాస్త తడిగా ఉండగానే దింపెయ్. మన పొరటులా పొడిపొడిగా చేశావంటే రెండోసారి పెనమెక్కాక రబ్బరైపోతుంది. టమాటా లోపల వెయ్యకు, దాని నీరుకి టోర్టియా మెత్తబడి చిరుగుతుంది. సల్సాగా, అంటే పచ్చడిలా చేసి పక్కన పెట్టుకో.

పెనం మధ్యస్థంగా కాలాక టోర్టియా వేసి, సగం మీద చీజ్, దాని మీద బీన్స్, దుంపలు, గుడ్డు, మళ్లీ పైన చీజ్ వేసి మడిచెయ్. కిందా పైనా చీజ్ ఉంటేనే అన్నీ పట్టుకుని ఉంటాయి, కొరికితే రాలవు. సెగ పెంచకు. పెంచితే పైన మాడిపోతుంది, లోపల చీజ్ తురుము తురుములాగే ఉండిపోతుంది. అట్లకాడతో మెల్లగా అదుముతూ ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు కాల్చు. అంచులోంచి కారిన చీజ్ పెనానికి తగిలి బుసబుసమని పొంగి, నెమ్మదిగా గోధుమరంగుకి తిరిగి కరకరలాడుతుంది. దాన్ని గీకి పారెయ్యకురా, అసలు రుచంతా అక్కడే! మెక్సికోలో దాన్ని కావాలనే కాల్చుకుంటారు, కోస్ట్రా అంటారు. దించాక ఒక్క నిమిషం ఆగి కొయ్యి. వెంటనే కోస్తే చీజంతా ప్లేట్లోకి జారుతుంది.

పొద్దున్నే ఇంత తీరిక ఎక్కడిదంటావా? ఆదివారం నాలుగైదు చేసి, పూర్తిగా చల్లారనిచ్చి, ఒక్కోదాన్నీ ఫాయిల్లో చుట్టి ఫ్రీజర్లో పడెయ్. రాత్రి ఒకటి ఫ్రిజ్ కింది అరలోకి మార్చుకుంటే, పొద్దున ఫాయిల్ తీసేసి సన్న సెగ మీద మూతపెట్టి వేడి చేసుకోవచ్చు. మైక్రోవేవ్‌లో పెడితే తినడానికి ఫరవాలేదు గానీ, ఆ కరకర పోతుంది.

ఫ్రిస్కోలో, ప్లేనోలో హెచ్‌ఈబీ సూపర్‌మార్కెట్లు ఉన్నాయి కదా, అక్కడ షాపులోనే కాల్చిన టోర్టియాలు వేడివేడిగా ప్యాకెట్లు కట్టి పెడతారు. ఈ శనివారమే వెళ్లి తెచ్చుకో. మొదటిసారి చేసేటప్పుడు నాకు ఫోన్ కలుపు, సెగ ఎంత ఉండాలో చూసి చెప్తాను.

నీ,
రవి