కిందటేడు మా వద్ద బంగినపల్లి మొక్కలు కొన్నవారికి

కడియపులంకలోని మా నర్సరీలో కిందటేడు జూలై, ఆగస్టు నెలల్లో 'బంగినపల్లి' అని చీటీ కట్టి 60 రూపాయల చొప్పున అమ్మిన చిన్న సంచి మొక్కలు అంటు మొక్కలు, అంటే కాపు చెట్టు పుల్లను మరో మొక్కకు కట్టి పెంచినవి, కావు. అవి టెంక నుంచి మొలిపించినవి. ఆ మాట చీటీ మీద రాయకపోవడం మా తప్పు. చీటీలు కట్టేటప్పుడు నేను అక్కడే ఉన్నాను, చూశాను, ఆపలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే.

పోయిన నెల సామర్లకోట నుంచి ఒక అమ్మగారు ఫోన్ చేసి, మొక్క మోకాలెత్తు దాటిందని, రాగి రంగులో లేత చిగుళ్లు వేసిందని ఎంతో సంతోషంగా చెప్పి, "ఇంకో రెండేళ్లకు కాస్తుందాండీ?" అని అడిగారు. ఏమి చెప్పాలో తోచలేదు. అంటు మొక్క అయితే మూడు నుంచి ఐదేళ్లలో కాపుకు వస్తుంది. టెంక మొక్కకు సాధారణంగా ఆరేళ్ల నుంచి పదేళ్లు పడుతుంది. అన్నేళ్లు నీళ్లు పోసి పెంచిన తరువాత కూడా అది బంగినపల్లి కాయ కాయకపోవచ్చు.

దీనికి కారణం జీడిలోనే, అంటే టెంక లోపలి పప్పులోనే ఉంది. బంగినపల్లి టెంకలో ఒకే పిండం ఉంటుంది. అది తల్లిచెట్టు పువ్వుకు ఏ చెట్టు పుప్పొడి అంటిందో ఆ రెంటి కలయికగా పుడుతుంది కనుక, కాయ పరిమాణం, పీచు, తీపి ఎలా ఉంటాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. కేరళ తీరంలోని ఒలూర్ వంటి రకాల్లో మాత్రం ఒక్క టెంక నుంచి రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం తల్లి కణజాలం నుంచే పుట్టినవి కాబట్టి తల్లి గుణాన్ని నిలుపుకొంటాయి. మన బంగినపల్లికి ఆ వసతి లేదు. అందుకే పెద్దలు దీనిని అంటు ద్వారానే నిలుపుకొంటూ వచ్చారు.

టెంక నాటడం తప్పని నేను అనడం లేదు. పిల్లల చేత నాటించదలచినవారు తప్పక నాటించండి. పండు తిన్న టెంకను కడిగి, ఒకటి రెండు రోజులు నీడలోనే ఆరబెట్టి, అంచును కత్తెరతో జాగ్రత్తగా విప్పి జీడిని బయటకు తీయండి. టెంక పురుగు తొలిచిన నల్లటి రంధ్రం కనిపిస్తే పారవేయండి. వంపు ఉన్న వైపు పైకి ఉండేలా పలుచని మట్టి కింద పెడితే రెండు మూడు వారాల్లో మొలకెత్తుతుంది. ఎండలో ఆరినా, నెల దాటి నిలవ ఉంచినా మొలిచే శక్తి చాలావరకు పోతుంది. ఆ మొక్క నీడకు, పచ్చదనానికి పనికివస్తుంది. కాయ మీకు నచ్చితే అది మీ ఇంటి సొంత రకమే అవుతుంది.

మా వద్ద కొన్నవారిలో బంగినపల్లే కావాలనుకున్నవారికి ఒక మార్గం ఉంది. ఏడాది వయసుకు మొక్క కాండం పెన్సిలంత లావు అయి ఉంటుంది, అంటు కట్టడానికి అది సరిపోతుంది. జూలై, ఆగస్టుల్లో గాలిలో తేమ ఉన్నప్పుడు మా తోటలోని కాపు చెట్ల పుల్లలతో ఉచితంగా అంటు కడతాము. అంటు కింద వచ్చే చిగుళ్లను మాత్రం మీరు ఎప్పటికప్పుడు గిల్లివేయాలి, లేకపోతే టెంక మొక్కే పైచేయి సాధిస్తుంది. ఇప్పటికే నేలలో నాటినవారు చుట్టుపక్కల ఊళ్లవారైతే మా పనివారిని పంపుతాము. దూరంగా ఉన్నవారికి డబ్బు తిరిగి ఇస్తాము, లేదా అదే ధరకు అంటు మొక్క ఇస్తాము. రసీదు లేకపోయినా పరవాలేదు.

ఇకపై మా చీటీల మీద 'అంటు' లేదా 'టెంక' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. మొక్కను తెచ్చేవారు ముందురోజు సాయంత్రం నీరు పోసి, సంచిలోని మట్టి విరిగిపోకుండా తడి గోనె చుట్టి తీసుకురండి.