వార్షిక నివేదిక 2024–25: షటిల్ హాలు పైకప్పు, దీపాలు, సోలార్, వాటికి ప్రభుత్వ నిధులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది విశాఖలోని మన కాలనీ సంఘం పనిలో సింహభాగం షటిల్ హాలుకే పోయింది. పార్కు నిర్వహణ, డ్రైన్ల పూడికతీత, సంక్రాంతి ముగ్గుల పోటీ, రక్తదాన శిబిరం యథావిధిగా జరిగాయి. వాటి వివరాలు, జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. సర్వసభ్య సమావేశంలో మీరు తీర్మానం చేయాల్సింది హాలు మీదే కాబట్టి ఇక్కడ దాని గురించే రాస్తున్నాం.

కమిటీ అభిప్రాయం ముందే చెబుతున్నాం. పైకప్పు మొదట, దీపాలు తర్వాత, హాలు మీద సోలార్ చివర. సోలార్‌కు సబ్సిడీ వస్తోంది కదా, ముందు అదే పెట్టించుకుందాం అని చాలామంది సభ్యులు అడిగారు. తుప్పు పట్టిన రేకుల మీద ప్యానెళ్లు బిగిస్తే, నాలుగేళ్లకు రేకులు మార్చాల్సి వచ్చినప్పుడు ప్యానెళ్లు దించాలి, స్టాండ్లు విప్పాలి, మళ్లీ ఎక్కించాలి. ఆ కూలి ఏ పథకమూ ఇవ్వదు.

యూరప్‌లో క్రీడా హాళ్ల ఆధునికీకరణకు ప్రభుత్వాలు భారీగా గ్రాంట్లు ఇస్తున్నాయని, అదే పద్ధతిలో ప్రతిపాదన తయారుచేద్దామని ఒక సూచన వచ్చింది. అక్కడి డబ్బు చాలావరకు గోడల ఇన్సులేషన్‌కు, కిటికీలకు, హీటింగ్‌కు పోతుంది, ఎందుకంటే వాళ్లకు వేడి బయటికి పోకూడదు. మనకు వేడి లోపలికి రాకూడదు, వచ్చింది వచ్చినట్టే పైనుంచి పోవాలి. కాబట్టి వాళ్ల ఎస్టిమేటు మనకు పనికిరాదు. పనికి ముందూ తర్వాతా మీటరు రీడింగు, ఉష్ణోగ్రత కొలిచి కాగితం మీద పెట్టే అలవాటు మాత్రం తెచ్చుకోదగ్గది. మన హాలు మీటరు రీడింగు ప్రతి నెలా 1వ తేదీన రిజిస్టరులో రాస్తున్నాం.

పైకప్పు

హాలు 36 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, పక్కపక్కనే నాలుగు కోర్టులు. వాలు, చూరు కలిపి రేకు సుమారు 800 చదరపు మీటర్లు. సముద్రానికి కిలోమీటరు లోపే ఉన్నాం. ఉప్పుగాలి ముందుగా పట్టుకునేది రేకును కాదు, స్క్రూను. తూర్పు వైపు చూరు దగ్గర విప్పిన స్క్రూలను కార్యాలయంలో గాజు సీసాలో ఉంచాం, వచ్చి చూడండి. తల మీద గాల్వనైజింగ్ పోయి గోధుమరంగు పొక్కులు లేచాయి. కింద ఉండే నల్ల రబ్బరు వాషరు ఎండకు గట్టిపడి, గడియారం ముల్లులా ఒకే గీతలో పగిలింది. ఆ పగులులోంచి వాన నీరు స్క్రూ మెడ వెంబడి దిగి పర్లిన్ (రేకులను మోసే అడ్డ ఇనుప కమ్మీ) మీద తుప్పు మరక కట్టింది. కింద నుంచి చూస్తే రేకుకు చిల్లు పడిందనిపిస్తుంది. రేకు బాగానే ఉంటుంది, పోయింది వాషరే. కారే చోటల్లా తారు పూసుకుంటూ పోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

800 చదరపు మీటర్లకు చదరపు మీటరుకు ఐదు చొప్పున లెక్కేస్తే 4,000 స్క్రూలు. అన్నిచోట్లా ఒకే దూరంలో బిగించకూడదు. చూరు, కొప్పు, రెండు చివరి గోడల అంచుల దగ్గర గాలి రేకును పైకి లాగే బలం మధ్య భాగం కంటే చాలా ఎక్కువ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజు ఊళ్లో రేకులు ఎలా ఎగిరిపోయాయో పెద్దవాళ్లెవరూ మర్చిపోలేదు. భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు సెకనుకు 50 మీటర్ల గాలి వేగాన్ని నిర్దేశిస్తుంది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగం నుంచి వచ్చే ఒత్తిడి చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, సుమారు 150 కిలోలు. అర మిల్లీమీటరు రేకు బరువు చదరపు మీటరుకు 5 కిలోల లోపే. రేకును పట్టి ఉంచేది దాని బరువు కాదు, ఈ స్క్రూలే. అందుకే అంచుల వెంట ప్రతి గాడికీ ఒక స్క్రూ, మధ్యలో గాడి విడిచి గాడికి అని డ్రాయింగులో రాయించాం. టెండరులో ఈ డ్రాయింగు జత కాకపోతే కాంట్రాక్టరు అంతటా గాడి విడిచి గాడికే కొడతాడు.

తూర్పు వైపు భాగంలో చేత్తో నొక్కితే లొట్టపడే రేకులను తీసేసి, జింక్-అల్యూమినియం పూత ఉన్న తెల్ల రంగు రేకులు వేయాలి. మిగతావి ఉంచి కూల్ రూఫ్ పెయింటు (వేడిని తగ్గించే తెల్ల పెయింటు) వేస్తే చాలు. తెల్లగా మెరిసే గాల్వనైజ్డ్ రేకుకు మళ్లీ తెల్ల పెయింటు ఎందుకని అడుగుతున్నారు. రంగులేని గాల్వనైజ్డ్ రేకు ఎండను బాగానే వెనక్కి కొడుతుంది, కానీ పీల్చుకున్న వేడిని వదలదు. అందుకే మే నెల మధ్యాహ్నం దాన్ని ముట్టుకోలేం. 2017 నాటి ఇంధన పొదుపు భవన నిర్మాణ నియమావళి కూల్ రూఫ్‌కు రెండు కొలతలూ అడుగుతుంది. ఎండను వెనక్కి కొట్టే గుణం మొదట్లో 0.60కి, వేడిని వదిలే గుణం 0.90కి తగ్గకూడదు. డబ్బా మీద ‘కూల్’ అని ఉంటే సరిపోదు, ఈ రెండు అంకెలున్న పరీక్ష పత్రం అడగండి.

పెయింటు రెండు కోట్లకు లీటరు సుమారు 2.2 చదరపు మీటర్లకు వస్తుంది. మనకు 20 లీటర్ల బకెట్లు 18 కావాలి. కోస్తాలో పెయింటు పొక్కులు లేచి ఊడటానికి ముఖ్య కారణం నాసిరకం సరుకు కాదు, కింద మిగిలిపోయిన ఉప్పు. మొదట మంచినీళ్లతో ప్రెషరు వాష్, తర్వాత తుప్పు ఉన్నచోట వైరు బ్రష్షు, జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు, స్క్రూ తలలకూ అతుకులకూ సీలెంటు, ఆపైన రెండు కోట్లు ఒకదానికొకటి అడ్డంగా. రేకు కాలకముందే, ఉదయం 10 లోపు పని ఆపేయాలి. కాలిన రేకు మీద పెయింటు పైపొర ముందే ఎండి లోపల తడి చిక్కుకుంటుంది. సాయంత్రం వేస్తే మంచు పడుతుంది. జనవరి, ఫిబ్రవరి దీనికి సరైన నెలలు. పోర్టు వైపు నుంచి వచ్చే ధూళికి తెలుపు నల్లబడుతుంది కాబట్టి ఏటా వేసవి ముందు ఒకసారి కడగడం నిర్వహణ ఖర్చులో చేర్చాం.

రేకు కింద బబుల్ ఫాయిల్ (గాలి బుడగలున్న మెరిసే పొర) వేద్దామన్న కొటేషన్లు మూడు వచ్చాయి. మెరిసే ముఖానికి ఎదురుగా కనీసం ఒక అంగుళం గాలి ఖాళీ ఉంటేనే ఆ ఫాయిల్ పనిచేస్తుంది. రేకుకు అతికిస్తే డబ్బు దండగ. కొటేషన్లలో రెండింటిలో అతికించే పద్ధతే ఉంది. పైగా తెల్లవారుజామున చల్లబడిన రేకు అడుగున తేమ చుక్క కట్టి చెక్క ఫ్లోరు మీద పడితే ఆటగాళ్లు జారి మోకాళ్లు పోగొట్టుకుంటారు. ఫాయిల్ అతుకులు టేపుతో పూర్తిగా మూయకపోతే ఆ తేమ ఇంకా పెరుగుతుంది. ఈ పనిని వాయిదా వేశాం.

గాలి విషయం తొందరగా చెప్పేస్తాం. ఏసీ వద్దు. షటిల్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాములే, ఏసీ గాలికి దారి తప్పుతుంది, 9 మీటర్ల ఎత్తు హాలును చల్లబరచడానికి వచ్చే బిల్లు సంఘం మోయలేదు. కొప్పు మీద 600 మిల్లీమీటర్ల టర్బో వెంటిలేటర్లు పది, కింద గోడల్లో వాటి మొత్తం విస్తీర్ణానికి తగ్గకుండా జాలీలు. కింద జాలీ లేకుండా పైన టర్బోలు పెడితే అవి గాలికి తిరుగుతాయే గాని లోపలి వేడిని లాగవు. జాలీ ముందు అడ్డుపలక ఉండాలి, లేకపోతే మధ్యాహ్నపు సముద్రపు గాలి నేరుగా కోర్టు మీదికి వస్తుంది. ప్రేక్షకుల వైపు 75 వాట్ల ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఇప్పటికే పెట్టాం.

దీపాలు

ప్రస్తుతం 400 వాట్ల మెటల్ హాలైడ్ దీపాలు 24 ఉన్నాయి. చోక్‌తో కలిపి ఒక్కొక్కటి 440 వాట్లు తీసుకుంటుంది, మొత్తం 10.56 కిలోవాట్లు. కరెంటు ఒక్క క్షణం పోయినా మళ్లీ పూర్తి వెలుగుకు పది పదిహేను నిమిషాలు. క్లబ్ స్థాయి పోటీలకు 500 లక్స్ (నేల మీద పడే వెలుగు కొలత) లక్ష్యంగా పెట్టుకున్నాం. 150 వాట్ల, వాటుకు 130 ల్యూమెన్ల (దీపం ఇచ్చే వెలుగు కొలత) ఎల్‌ఈడీ ఒక్కొక్కటి 19,500 ల్యూమెన్లు ఇస్తుంది. గోడలు, ఎత్తు వల్ల పోయేది తీసేసి, దుమ్ముకూ వయసుకూ మరో పావు వంతు తగ్గించి లెక్కేస్తే 720 చదరపు మీటర్లకు 40 దీపాలు. కోర్టుల మధ్య మూడు వరుసలు, రెండు చివర్ల రెండు, వరుసకు ఎనిమిది. ఒక్కటి కూడా కోర్టు మీద సూటిగా ఉండదు, ఎందుకంటే స్మాష్ కోసం తల ఎత్తినవాడి కళ్లలోకి దీపం పడకూడదు. 6 కిలోవాట్లతో ఇప్పటి కంటే ఎక్కువ వెలుగు. ఏడాదికి 2,000 గంటలు వెలిగితే 9,120 యూనిట్లు మిగులుతాయి.

ఎల్‌ఈడీలో ముందు పోయేది డ్రైవరు, అంటే దీపానికి తగినట్టు కరెంటును మార్చి ఇచ్చే భాగం. రేకు కింద వేడికి, ఏప్రిల్-మే ఉరుముల వానల్లో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరితే వచ్చే సర్జ్‌కు పోతుంది. అందుకని 50 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు తగిన డ్రైవరు, 10 కిలోవోల్టుల సర్జ్ రక్షణ, ఐదేళ్ల వారంటీ, మినుకుమినుకు లేదన్న పరీక్ష పత్రం టెండరు షరతుల్లో ఉన్నాయి.

డబ్బు ఎక్కడి నుంచి

అన్నిటికంటే ముందు తేలాల్సింది హాలు ఎవరిదన్నది. లేఅవుట్‌లో ఖాళీ స్థలంగా వదిలిన చోట కట్టిన హాలు ఇది, స్థలం జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ)ది. మనం నిర్వహిస్తున్నాం, యజమానులం కాదు. అందువల్ల మన పేరుతో నేరుగా గ్రాంటు అడిగితే మొదటి టేబుల్ దగ్గరే ఫైలు ఆగుతుంది. జీవీఎంసీ నిరభ్యంతర పత్రం, నిర్వహణ ఒప్పందం కాపీ, సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద మన ధ్రువపత్రం, ఏటా రిజిస్ట్రారుకు ఇచ్చే కమిటీ జాబితా, మూడేళ్ల ఆడిట్ లెక్కలు ఒకే ఫైల్లో పెట్టాం. దీనికే ఏడాదిలో సగం పట్టింది. ఈ ఫైలు ఇక మీదట ఏ దరఖాస్తుకైనా పనికొస్తుంది.

ఎంపీ ల్యాడ్స్ (ఎంపీల స్థానిక అభివృద్ధి పథకం) కింద ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు జిల్లా యంత్రాంగం చేస్తుంది, పని ప్రభుత్వ ఇంజనీరింగ్ విభాగం చేయిస్తుంది. డబ్బు మన ఖాతాకు రాదు. ఈ పథకం ఉద్దేశం నిలిచే సామాజిక ఆస్తి. అందుకే రేకులు, వెంటిలేటర్లు, జాలీలు, దీపాలు ఈ దారిలో పెట్టాం. ఏటా కడగడం, పెయింటు మళ్లీ వేయడం సంఘం నిధి నుంచే. ఎస్టిమేటు ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక) రేట్లతో ఉండాలి. బజారు కొటేషను పట్టుకెళ్తే సాంకేతిక అనుమతి రాదు. కూల్ రూఫ్ పెయింటు లాంటివి ఎస్‌ఎస్‌ఆర్‌లో దొరకనప్పుడు విడిగా రేటు విశ్లేషణ జతచేయాలి. పనులు చేసిన కొద్దీ ఇంజనీరు ఎం-బుక్‌లో (కొలతల పుస్తకం) కొలతలు రాసేటప్పుడు మన ప్రతినిధి పక్కన ఉండాలి. స్క్రూలు లెక్కపెట్టగలిగేది ఆ రోజే, పెయింటు వేశాక కాదు.

కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చుచేసే నిధి) రెండో దారి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో క్రీడా శిక్షణ, పర్యావరణం రెండూ ఉన్నాయి. దానికి మనకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదులు ఉండాలి, సీఎస్‌ఆర్-1 ఫారం నమోదు కావాలి. 80జీ దరఖాస్తు నడుస్తోంది. కేంద్ర క్రీడా పథకం ఖేలో ఇండియా కింద మౌలిక వసతుల ప్రతిపాదనలు రాష్ట్ర ప్రభుత్వం, స్థానిక సంస్థల లాంటి వాటి ద్వారా వెళ్తాయి. నాలుగు కోర్టుల కాలనీ హాలుకు అది దూరపు కొండే, దాని మీద ఆశలు పెట్టుకోవద్దని మా సలహా.

ఇళ్ల మీద సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ గురించి అపోహ చాలా ఉంది. ఇళ్ల సంఘాలకు ఉమ్మడి అవసరాల కోసం కిలోవాటుకు 18,000 రూపాయల చొప్పున, 500 కిలోవాట్ల దాకా కేంద్ర సాయం ఉంది. కానీ అది నివాస కనెక్షన్లకే. హాలు మీటరు వాణిజ్య కేటగిరీలో ఉంది, దానికి రాదు. నీటి పంపుల ఉమ్మడి మీటరు సంఘం పేరుతో నివాస కేటగిరీలో ఉంది, దానికి వస్తుంది. 10 కిలోవాట్లు పెడితే 1,80,000. ఏడాదికి సుమారు 14,000 యూనిట్లు. ప్యానెళ్లలోని సెల్స్ కూడా దేశంలో తయారైనవే కావాలి, అమర్చేవారు పోర్టల్లో నమోదైనవారై ఉండాలి. మన ఊరికి ఉప్పుగాలి పరీక్ష ఐఈసీ 61701 పాసైన ప్యానెలే తీసుకోవాలి. దీనికి పంపు హౌసు పక్కనున్న కార్యాలయం కాంక్రీటు డాబా సరిపోతుంది, 10 కిలోవాట్లకు వెయ్యి చదరపు అడుగులు చాలు. హాలు రేకుల మీద సోలార్ సంగతి కొత్త స్క్రూలు బిగిసి, పైకప్పును మోసే ట్రస్సుల బలాన్ని స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతో తేల్చాకే.

ఒక హెచ్చరిక. దీపాలు మారగానే లోడ్ తగ్గించుకుని స్థిర చార్జీలు మిగుల్చుకుందామని కొందరు అంటున్నారు. సోలార్ సామర్థ్యాన్ని మంజూరైన లోడ్‌తో పోల్చి చూస్తారు, కాబట్టి లోడ్ తగ్గించుకుంటే తర్వాత పెట్టగల సోలారూ తగ్గొచ్చు. హాలుకు సోలార్ పెట్టేదీ లేనిదీ తేలేవరకు కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కు లోడ్ తగ్గింపు దరఖాస్తు ఇవ్వొద్దు.

సమావేశంలో మూడు తీర్మానాలు పెడుతున్నాం: జీవీఎంసీతో నిర్వహణ ఒప్పందం పొడిగింపు, పంపుల మీటరుకు 10 కిలోవాట్ల సోలార్ దరఖాస్తు, పైకప్పు వార్షిక నిర్వహణకు ప్రతి హాలు ఫీజులో నుంచి పదో వంతు విడిగా జమ. అక్టోబరు తుఫానుల లోపు అంచు స్క్రూలైనా మార్చాలి కాబట్టి ఆ ఒక్క పనికి నిధులొచ్చేదాకా ఆగకుండా సంఘం ఖాతా నుంచి ఖర్చు చేయడానికి కమిటీకి అధికారం ఇవ్వాలని కోరుతున్నాం. అంచుల లెక్క సుమారు 900 స్క్రూలు, ఇద్దరు మేస్త్రులకు నాలుగు రోజుల పని.