కోరింగ ఇంటర్న్‌షిప్: సోమవారం నుంచి ఫీల్డ్ వర్క్

అందరికీ నమస్తే! కోరింగ మడ అడవుల్లో మన పని సోమవారం మొదలవుతోంది. ఉదయం 5:30కి కాలేజీ గేటు దగ్గర బస్సు, ఎవరి కోసమూ ఆగదు, ఎందుకంటే ఆటు (నీళ్లు తగ్గే సమయం) ఉన్నప్పుడే క్రీకుల (సన్నటి ఉప్పునీటి పాయల) పక్కన బురదలోకి దిగగలం, పోటు (నీళ్లు పెరగడం) మొదలైతే పని ఆపేసి రావాల్సిందే.

పని ఇదీ: 10 మీటర్ల చదరం తాడుతో కొలిచి, అందులోని ప్రతి చెట్టు పేరు, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో దాని చుట్టుకొలత రాయాలి. తెల్లమడ, నల్లమడ దగ్గర చాలామంది తికమకపడతారు. ఆకు కొన గుండ్రంగా ఉంటే నల్లమడ, మొనదేలి ఉంటే తెల్లమడ. డౌట్ ఉంటే ఊహించి రాయకండి, ఫొటో తీసి ప్రశ్నార్థకం పెట్టండి.

తిల్ల చెట్టు కొమ్మ విరవొద్దు ప్లీజ్. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, చర్మం మీద పడినా బొబ్బలు వస్తాయి. బురదలో పైకి పొడుచుకొచ్చేవి చెట్టు ఊపిరి పీల్చే వేర్లు, తొక్కకుండా నడవండి.

లేసులున్న పాత బూట్లు, ఫుల్ చేతుల చొక్కా, టోపీ, రెండు లీటర్ల నీళ్లు, పెన్సిల్ (పెన్ను రాత తడిస్తే పోతుంది) తప్పనిసరి. చెప్పులతో వస్తే బురదే ఉంచేసుకుంటుంది 😄

నీటిపిల్లి (చేపలు పట్టే అడవిపిల్లి, ఫిషింగ్ క్యాట్) కనిపిస్తుందా అని అందరూ అడుగుతున్నారు. అది ఎక్కువగా రాత్రిపూట తిరిగేది, కాబట్టి ఆశ పెట్టుకోకండి, బురదలో అడుగుజాడలు మాత్రం వెతుకుదాం.

పేరెంట్స్ సంతకం చేసిన ఫారం, మీ బ్లడ్ గ్రూప్ శనివారం సాయంత్రంలోగా ఇక్కడే పంపండి. ఈత రానివాళ్లు మొహమాటపడకుండా నాకు విడిగా మెసేజ్ చేయండి, పడవలో అందరికీ లైఫ్ జాకెట్ ఎలాగూ ఉంటుంది.