వింకీ డి పాటను అనుకరణ అనడం సరికాదు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో ఆఫ్రికా సంగీతంపై మీరు ప్రచురించిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. అయితే జింబాబ్వే డాన్స్‌హాల్‌ను (రెగె నుంచి పుట్టిన నృత్యసంగీతాన్ని) జమైకా బాణీలకు అనుకరణ అని ఒక్క వాక్యంలో తేల్చివేయడం, అందుకు ఉదాహరణగా అక్కడి గాయకుడు వింకీ డి పేరు చూపడం నాకు సమంజసంగా తోచలేదు. ఆయన పాటలను ఏళ్ల తరబడి వింటున్న పాఠకుడిగా కొన్ని విషయాలు మీ దృష్టికి తేదలచాను.

బాణీకి పుట్టిల్లు జమైకాయేనన్నది ఎవరూ కాదనరు. 1980 ఏప్రిల్‌లో జింబాబ్వే స్వాతంత్ర్య వేడుకల్లో రుఫారో స్టేడియంలో జమైకా రెగె గాయకుడు బాబ్ మార్లే పాడుతుండగా, బయట మిగిలిపోయిన జనం లోపలికి తోసుకురావడం, పోలీసులు బాష్పవాయువు వదలడం రెగె అభిమానులకు తెలిసిన కథే. ఆ స్టేడియం ఉన్న మ్బారే పేటలోనే మూడు దశాబ్దాల తర్వాత చిల్‌స్పాట్ వంటి చిన్న స్టూడియోలు వెలిశాయి. ఒకే రిడిమ్ (ముందే సిద్ధం చేసిన వాద్య బాణీ) మీద ఎందరో కుర్రాళ్లచేత వేర్వేరుగా, తమ షోనా భాషలోనే పాడించి, జిమ్‌డాన్స్‌హాల్ అనే పేరును ఊరూరా వినిపించేలా చేశాయి.

వింకీ డి ఆ కుర్రాళ్లకంటే ముందుతరం వాడు. అసలు పేరు వాలస్ చిరుమికో. 1983లో పుట్టారు, రాజధాని హరారేలోని కంబుజుమా అనే శ్రామికవాడ ఆయనది. తొలినాళ్లలో పెట్టుకున్న వికెడ్ డీజే అన్న పేరే కుదించుకుపోయి వింకీ డి అయిందంటారు. అక్కడి సంగీతానికి పెద్దదిక్కు అనదగిన ఒలివర్ ముటుకుడ్జీ అంతటివాడు ఆయనతో గొంతు కలిపి పాడారంటే, స్వదేశంలో ఆ పాటను ఎవరూ అరువు సరుకుగా చూడలేదనే అనుకోవాలి.

అసలు నేను చెప్పదలచినది 'ఇబోట్సో' అనే పాట గురించి. 2022 డిసెంబరు 31న హరారేలో విడుదలైన 'యురేకా యురేకా' ఆల్బమ్‌లోనిది ఆ పాట. షోనా ప్రజల్లో కుటాండా బోట్సో అనే ప్రాయశ్చిత్తం ఒకటి ఉంది. కన్నతల్లిపై చేయి చేసుకున్నవాడు, ఆమె మనసు కష్టపెట్టి ఆమె పోయాక కీడు వెంటాడుతోందని భయపడేవాడు గోనెపట్టా చుట్టుకుని, గడపగడపకూ వెళ్లి రాగులు అడుక్కోవాలి. పిల్లలు వెంటపడి ఎగతాళి చేస్తుంటే తలవంచుకుని నడవాలి. అలా కూడబెట్టిన గింజలతో బీరు కాచి తల్లి ఆత్మను శాంతింపజేయాలి. కష్టజీవుల కూడు లాక్కుని బలిసినవారి పాపానికి వింకీ డి పెట్టిన పేరు అది. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని ఏ గాయకుడి దగ్గర నేర్చుకుంటే వస్తుంది ఈ మాట? పాటలో ఎవరి పేరూ లేకపోయినా, తగలవలసిన వారికి అది సూటిగానే తగిలింది. కొద్ది రోజుల్లోనే అధికార పక్షానికి అనుకూలమైన ఒక బృందం ఆయన పాటలను నిషేధించాలని బాహాటంగా కోరింది; 2023 మార్చిలో హరారే పక్కనున్న చిటుంగ్విజాలో కచేరీ నడుస్తుండగానే పోలీసులు వేదిక ఎక్కి ఆపించారు. మైకు చేతిలో పట్టుకున్న గాయకుడి పక్కన యూనిఫారాలు నిలబడిన ఆ వీడియో చూసినవారికి, ఇది వట్టి గంతులేసే పాట అనడానికి నోరు రాదు.

ఇంతకీ అదే ప్రభుత్వం, మధుమేహంతో బాధపడుతూ 2021 ఫిబ్రవరిలో 31 ఏళ్లకే కన్నుమూసిన మరో డాన్స్‌హాల్ గాయకుడు సోల్ జా లవ్‌కు విముక్తి వీరుడి హోదా ఇచ్చి, వారెన్ హిల్స్ శ్మశానంలో ఖననం చేయించింది. స్వాతంత్ర్యం వచ్చిన తొమ్మిదేళ్లకు పుట్టినవాడికి విముక్తి వీరుడన్న బిరుదు ఎలా పొసగుతుందో ఇచ్చినవారే చెప్పాలి. ఆ గాయకుడి వెనుక ఎంత జనం ఉన్నారో మాత్రం పాలకులు బాగానే లెక్కగట్టుకున్నారు.

వింకీ డి పాటలన్నీ గొప్పవని నేను వాదించను. తన గొప్పలు తానే చెప్పుకునే పాటలు కూడా చాలానే ఉన్నాయి. డాన్స్‌హాల్‌లో అది మామూలే. విలేకరులకు దూరంగా ఉండే మనిషి కాబట్టి, ఆయన గురించి రాసేవారు పాటల్లోని షోనా మాటల అర్థం తెలుసుకుని రాయడం మరింత అవసరం. వీలైతే వచ్చే సంచికలో ఆ ఒక్క వాక్యాన్ని సవరించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు