1967 కమారో వెనుక సస్పెన్షన్ కుదిర్చిన ముగ్గురికి కృతజ్ఞతలు

మా షెడ్డులో చాలాకాలంగా స్టాండ్ల మీదే ఉన్న 1967 షెవర్లే కమారో ఎట్టకేలకు తన చక్రాల మీద తాను నిలబడింది. ఒహాయోలో ఉంటూ పాత అమెరికన్ కార్లను బాగుచేసుకునే తెలుగువారు కొద్దిమందే అయినా ఉన్నారు కాబట్టి, నాకు సాయపడినవారికి అందరి ఎదుటా కృతజ్ఞతలు చెప్పడంతో పాటు, వారు చేసిన పని ఏమిటో వివరంగా రాయడం న్యాయమని అనిపించింది. వారు ముగ్గురు: డేటన్‌లో టూల్ అండ్ డై పని (ఫ్యాక్టరీలకు అచ్చులు, పనిముట్లు చేసే పని) చేసి రిటైరైన ఒక పెద్దాయన, విజయవాడ ఆటోనగర్‌లో లారీల కమాన్ కట్టలు (బరువు మోసే వంపు ఉక్కు పట్టీల స్ప్రింగులు) బాగుచేసే తండ్రి దగ్గర పెరిగి, ఇప్పుడు కొలంబస్‌లో మెకానికల్ ఇంజనీరుగా ఉన్న మిత్రుడు, మా వీధి చివర ఉండే వెల్డర్. పేర్లు రాయవద్దని ముగ్గురూ కోరారు, ఆ మాట మన్నిస్తున్నాను.

చిక్కు ఎక్కడ ఉందో ముందు చెప్పాలి. ఈ బండి నా చేతికి వచ్చేనాటికే దాని అసలు వెనుక యాక్సిల్ లేదు. దానికి బదులుగా 1969 కమారో నుంచి తీసిన 12 బోల్టుల యాక్సిల్ (మూతకు ఉండే బోల్టుల లెక్కన వచ్చిన పేరు), ఆ యాక్సిల్‌తో వచ్చిన షాక్ ప్లేట్లు (కమాన్‌ను యాక్సిల్‌కు బిగించి, షాకు కింది చివరను పట్టే ఇనుప ప్లేట్లు), కొత్త కమాన్ కట్టలు రెండు, 1967 మోడల్‌కు కొన్న షాక్ అబ్జార్బర్లు విడివిడిగా పెట్టెల్లో ఉన్నాయి. 1967 నుంచి 1969 వరకు కమారో భాగాలు ఏవి దేనికైనా పడతాయని పాత యజమానికి ఎవరో భాగాల వ్యాపారి చెప్పాడట. ఆ మాటలో సగం నిజమే. ఆ మూడేళ్ల బండ్లలోనూ కమాన్ వెడల్పు రెండున్నర అంగుళాలే, దాని ముందు కన్ను (బోల్టు దూరే చుట్ట) బిగించే చోటు, వెనుక కొసను పట్టే షాకిల్ అనే లంకె వేలాడే చోటు మారలేదు. అందుకే యాక్సిల్‌ను జాకీతో పైకి లేపినప్పుడు అది ఏ పేచీ లేకుండా తన స్థానంలోకి వచ్చి కూర్చుంది. షాకులు బిగించబోయేసరికి అసలు సంగతి బయటపడింది.

1967 మోడల్ కమారోలన్నిటికీ వెనుక ఒక్కొక్క వైపు ఒకే ఒక్క పట్టీతో చేసిన కమాన్ ఉండేది, రెండు షాకులూ యాక్సిల్‌కు ముందువైపే ఉండేవి. బలమైన ఇంజన్ ఉన్న బండిని నిలిచిన చోటి నుంచి గట్టిగా లాగితే ఆ ఒంటి పట్టీ మెలి తిరిగినట్టు వంగి, యాక్సిల్ తన చుట్టూ తాను తిరగబోయి, వెనుక చక్రాలు నేల మీద టకటకా ఎగిరేవి. ఆ ఏడాది కొన్ని బండ్లకు దీన్ని అదుపు చేయడానికి కుడివైపు అదనంగా ఒక కడ్డీ కూడా బిగించారు. 1968లో షెవర్లే ఒక షాకును యాక్సిల్ ముందు, రెండోదాన్ని యాక్సిల్ వెనుక అమర్చి, ఎక్కువ శక్తి గల మోడళ్లకు అనేక పట్టీల కట్టలు ఇచ్చింది. ఒక షాకు వెనక్కి జరిగిందంటే దాని పై చివర బిగించే చోటు కూడా ఫ్లోర్‌లో (బండి అడుగు రేకులో) జరిగినట్టే. మా బండి ఫ్లోర్ 1967ది, దాని కింద ఉన్న ప్లేట్లు 1969వి. ఒక వైపు షాకు తిన్నగా కుదిరింది, రెండో వైపు మాత్రం కింది రంధ్రం యాక్సిల్‌కు వెనుక, పై రంధ్రాలు యాక్సిల్‌కు ముందు పడ్డాయి.

యాక్సిల్ వంకరగా ఉందని, హౌసింగ్ (దాని బయటి ఇనుప తొడుగు) మార్చాలని చెప్పినవారు ఉన్నారు. మా ఆటోనగర్ మిత్రుడు ఆ మాట ఒప్పుకోలేదు. ఫ్లోర్‌లోని పై రంధ్రాల నుంచి దారానికి గుండు కట్టి వదిలి, అది నేల మీద ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో గుర్తు పెట్టి, రెండు వైపుల కొలతలూ పక్కపక్కన రాసి చూపించాడు. యాక్సిల్ వంకర లేకుండా తిన్నగానే ఉంది, తేడా అంతా ఒక్క ప్లేటులోనే ఉంది. “అన్నా, దీనికి హౌసింగ్‌తో పనిలేదు, ప్లేటు మారిస్తే చాలు” అని అతను తేల్చేశాక, అంతవరకు నన్ను పట్టుకుని ఉన్న సందేహాలన్నీ తీరిపోయాయి.

ఇక ఆ తేడాను ఎలా సరిచేయాలన్నది పెద్ద చర్చే అయింది. ఫ్లోర్ కోసి 1969 బండి బ్రాకెట్టును వెల్డింగ్ చేయమన్నది ఒక సలహా. పాత పద్ధతిలో ఒంటి పట్టీ కమానులే తిరిగి వేయమన్నది మరొకటి. రెండోది ఈ యాక్సిల్‌తో సాగదు, ఎందుకంటే కమాన్ కూర్చోవడానికి హౌసింగ్‌కు అంటించి ఉన్న పీఠాలు మందమైన కట్టకు తగిన లోతుతో చేసినవి. ఒంటి పట్టీ పెట్టి బోల్టులు బిగిస్తే, పట్టీని పట్టకముందే ప్లేటు పీఠానికి తగిలి ఆగిపోతుంది, కమాన్ వదులుగా ఉండిపోతుంది. మొదటి సలహాను డేటన్ పెద్దాయన చెవిన కూడా వేసుకోలేదు. తుప్పు పట్టకుండా దాదాపు 60 ఏళ్లు నిలిచిన ఫ్లోర్‌ను ఒక ఇనుప ప్లేటు కోసం కోయడం ఆయన దృష్టిలో తప్పు. నా అభిప్రాయమూ అదే: ప్లేటు మళ్లీ చేసుకోవచ్చు, ఫ్లోర్ మళ్లీ రాదు.

ఆయన చేసిన పని చూడముచ్చటగా ఉంది. షాకు సరిగ్గా కుదిరిన వైపు ప్లేటును విప్పి బల్ల మీద పెట్టి, దానిపై ఒక అట్ట పరిచి, మన ఊళ్లలో మెకానిక్కులు గ్యాస్కెట్ కోసేటట్టే, చిన్న సుత్తితో అంచుల వెంట, రంధ్రాల చుట్టూ మెల్లగా కొడుతూ వెళ్లారు. అట్ట ఆ అంచుల దగ్గర తనంతట తాను తెగి, ప్లేటు ఆకారం రంధ్రాలతో సహా ఊడి వచ్చింది. దాన్ని తిరగేస్తే రెండో వైపుకు కావలసిన ఆకారం సిద్ధం. పావు అంగుళం మందమున్న ఉక్కు రేకు మీద దాన్ని గీసి, కోసి, నాలుగు బోల్టుల రంధ్రాలు, కట్ట మధ్య బోల్టు కూర్చునే రంధ్రం, షాకు కాడ దూరే రంధ్రం తొలిచి, అంచులన్నీ ఆకురాయితో నున్నగా రాశారు. ఎంత ఇవ్వమంటారని అడిగితే, చెత్తబుట్టలో ఉన్న ఇనుముకు ధర కట్టడం తనకు చేతకాదని ఊరుకున్నారు.

అంతా అయిందనుకున్న చోట మరో అడ్డంకి వచ్చింది. ఈ బండ్లలో షాకు పై చివర ఒక అడ్డకడ్డీ ఉంటుంది, అది రెండు బోల్టులతో ఫ్లోర్‌లో అతికించిన నట్లలోకి బిగుస్తుంది. తుప్పుకు పట్టేసిన ఆ బోల్టులలో ఒకటి తల విరిగి లోపలే ఉండిపోయింది. పాత కమారోలు పట్టుకున్నవారికి ఇది కొత్త కథ కాదు. మా వీధి వెల్డర్ ముందుగా పెట్రోలు ట్యాంకును దించి బయట పెట్టించారు, వెనుక సీటు తీయించారు, ఆ తర్వాతే పనికి దిగారు. విరిగిన మొండెం మీద ఒక నట్టు పెట్టి దాని లోపలే వెల్డింగ్ నింపి, ఎర్రదనం తగ్గాక స్పానరుతో కొద్దిగా ముందుకు, కొద్దిగా వెనక్కి తిప్పుతూ బయటికి లాగారు. నట్టు మరలు ఏమాత్రం చెడలేదు. తొందరపడి డ్రిల్లు పెట్టి ఉంటే ఆ నట్టు పాడయ్యేది, ఫ్లోర్ కోయక తప్పేది కాదు.

బిగింపు విషయంలో మిత్రుడు తన తండ్రి దగ్గర నేర్చినదంతా మాకు పంచాడు. కట్ట మధ్య బోల్టు తల పీఠం రంధ్రంలో పూర్తిగా కూర్చుందా లేదా అని వేలితో తడిమి చూడాలని, నాలుగు బోల్టులనూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలని చెప్పాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, కమాన్ ముందు కంటి బోల్టును, షాకిల్ బోల్టులను బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు బిగించాలని పట్టుబట్టాడు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే లోపలి రబ్బరు బుష్‌లు ఆ స్థితిలోనే పట్టుకుని, బండి దించగానే మెలిపడి, త్వరగా చిరుగుతాయి, వెనుక ఎత్తు కూడా తేడా వస్తుంది. లారీకైనా కమారోకైనా ఇది ఒకటే పద్ధతి.

యాక్సిల్ మారింది కాబట్టి, గేర్‌బాక్సు నుంచి దానికి శక్తి తెచ్చే డ్రైవ్‌షాఫ్ట్‌నూ చూశాము. గేర్‌బాక్సులోకి దూరే యోక్ (డ్రైవ్‌షాఫ్ట్ ముందు కొస) చివరంటా తగలకుండా సుమారు ఒక అంగుళం వెసులుబాటు మిగిలింది. పినియన్ (డ్రైవ్‌షాఫ్ట్ వచ్చి కలిసే యాక్సిల్ గేరు) కోణాన్ని గేర్‌బాక్సు కోణంతో పోల్చి కొలిస్తే, పినియన్ ముక్కు కొద్దిగా కిందికి ఉంది. గట్టిగా లాగినప్పుడు అది పైకి లేస్తుంది కాబట్టి ఆ మాత్రం వాలు ఉండాల్సిందే, కోణం సరిచేసే వాలు ఇనుప ముక్కలు పెట్టే అవసరం రాలేదు. చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు, పూర్తిగా పైకి లేచినప్పుడు షాకు ఎక్కడా గుద్దుకోవడం లేదని, పొగ గొట్టానికి తగలడం లేదని పెద్దాయన టార్చి పట్టుకుని స్వయంగా చూశాకే నన్ను స్టీరింగ్ ముందు కూర్చోనిచ్చారు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద నిలిచిన చోటి నుంచి గట్టిగా లాగి చూశాము. చక్రాలు ఎగరలేదు, వెనుక నుంచి ఏ చప్పుడూ రాలేదు. రెండు షాకులూ ముందువైపే ఉన్నా అనేక పట్టీల కట్ట చాలావరకు ఆ మెలికను అడ్డుకుంటున్నదన్నమాట.

డేటన్ పెద్దాయనకు, నా ఆటోనగర్ తమ్ముడికి, మా వీధి వెల్డర్‌కు నా హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను. బండికి ఇంకా చేతిబ్రేకు కేబుళ్లు, రంగు పని మిగిలి ఉన్నాయి. ప్లేటు కోసిన అట్టను పారేయకుండా దాచాను. 1967 కమారో కింద 1968, 1969 యాక్సిల్ పెట్టుకుని ఇదే చిక్కులో ఉన్నవారు ఎవరైనా అడిగితే, దాని నకలు గీసి కొలతలతో సహా పంపడానికి పెద్దాయన అనుమతి ఇచ్చారు.