12.13లోని చుక్క దశాంశం కాదు మహాప్రభో

సంపాదకుల వారికి,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో ‘ఆఖరున ఉన్నవాడే విజేత!’ అంటూ ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ మీద వ్యాసం వచ్చి పది రోజులైంది. సవరణ వేస్తారేమోనని ఆన్‌లైన్ ఎడిషన్‌లో రోజూ లోపలి పేజీలన్నీ తిరగేశాను. వేయలేదు. రాశిఫలాల్లో మేషానికీ మీనానికీ తారుమారైతే మర్నాడే పెట్టె కట్టి విచారం ప్రకటిస్తారు కదా, ఆపాటి మర్యాద ఒక ఆటకీ దక్కకూడదా?

ముందు స్కోరు సంగతి. 1916 సెప్టెంబరు 2న మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో జరిగిన గ్రాండ్ ఫైనల్‌లో ఫిట్జ్‌రాయ్ 12.13, కార్ల్‌టన్ 8.8 చేశాయి. మీ వ్యాసకర్త పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి, ‘3.33 గోల్స్ తేడాతో ఘన విజయం’ అని రాశారు. గోల్‌లో మూడో వంతు ఎలా కొడతారో ఆయనే చెప్పాలి. ఆ చుక్క దశాంశం కాదండీ. చుక్కకి ఎడమవైపున్నవి గోల్స్, కుడివైపున్నవి బిహైండ్స్. గోల్‌కి ఆరు పాయింట్లు, బిహైండ్‌కి ఒకటి. ఆరు పన్నెండ్లు డెబ్బై రెండు, దానికి పదమూడు కలిపితే 85. ఆరు ఎనిమిదులు నలభై ఎనిమిది, ఇంకో ఎనిమిది కలిపితే 56. తేడా 29 పాయింట్లు. ఆరో ఎక్కం వస్తే చాలు, కంప్యూటర్ అక్కర్లేదు. దశాంశం అనుకుంటే ఎంత ముప్పో చూడండి: 9.20 చేసిన జట్టుకి 74, 10.10 చేసిన జట్టుకి 70. మీ లెక్కలో ఓడినవాడికి కప్పు పోతుంది.

బిహైండ్ అంటే ‘గోల్ వెనక్కి వెళ్లిన బంతి’ అన్న వివరణ ఇంకో వింత. మైదానానికి రెండు చివర్లా నాలుగేసి స్తంభాలుంటాయి. మధ్యలో పొడుగువి రెండు, వాటికి అటూ ఇటూ పొట్టివి రెండు, ఒక్కో సందు ఏడు గజాలు. కాలితో కొట్టిన బంతి ఎవరి చేతా తగలకుండా మధ్య సందులోంచి దాటితేనే గోల్. ఎవరికైనా తగిలి దాటినా, పొడుగు స్తంభాన్ని రాసుకున్నా, పక్క సందుల్లోంచి పోయినా బిహైండే. గోల్ అయితే గోల్ అంపైర్ రెండు జెండాలు ఊపుతాడు, బిహైండ్ అయితే ఒకటి. 1897కి ముందు బిహైండ్స్ రాసుకునేవారు గానీ గెలుపోటములకి లెక్కపెట్టేవారు కాదు. వాటికి విలువ కట్టింది మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో కొత్తగా పుట్టిన విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్. వ్యాసం పక్కన మీరు వేసిన బొమ్మలోనేమో రెండే స్తంభాలు, మధ్యలో అడ్డకర్ర! అది రగ్బీ బొమ్మ. రగ్బీలో ఉండే ఆఫ్‌సైడ్ ఈ ఆటలో లేనే లేదు, బంతిని చేత్తో విసరడం నేరం, పిడికిలితో గుద్ది అందించాలి. జట్టుకి పదకొండు మందని రాయడానికి ధైర్యం ఎలా వచ్చిందో! 1899కి ముందు ఇరవై మంది, ఆ ఏడాది నుంచి పద్దెనిమిది మంది.

‘1896లో పుట్టిన ఆట’ అన్నారు. 1896లో జరిగింది చీలిక. పాత సంఘం నుంచి బలమైన క్లబ్బులు విడిపోయి లీగ్ పెట్టుకున్నాయి. 1897 మే 8న ఎనిమిది జట్లతో తొలి మ్యాచ్‌లు జరిగాయి. ఆట వయసు అంతకంటే చాలా ఎక్కువ. చలికాలంలో క్రికెటర్ల ఒళ్లు బద్ధకించకుండా ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెడదామని టామ్ విల్స్ 1858 జులైలో ఒక పత్రికకి ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది మే నెలలో నిబంధనలు కాగితం మీదికొచ్చాయి. పాఠకుల ఉత్తరాలు అచ్చేసే అలవాటు పత్రికలకి అప్పట్లో ఉండేది మరి. 1908లో మెల్‌బోర్న్‌లో న్యూజిలాండ్ జట్టుని కూడా పిలిచి కార్నివాల్ పేరుతో పోటీలు జరిపింది యాభై ఏళ్ల పండగ కిందే. 1896లో పుడితే 1908కి స్వర్ణోత్సవం ఎలా వస్తుందండీ?

ఇక అసలు విషయం. ఫిట్జ్‌రాయ్ ‘ఆఖరి స్థానంలో ఉండి, అంపైర్ల దయతో, దైవఘటనగా’ గెలిచిందట. అంపైర్లూ లేరు, దైవమూ లేదు. ఉన్నదల్లా నిబంధన. ఆర్గస్ అనే మెల్‌బోర్న్ దినపత్రిక పేరు మీద ‘ఆర్గస్ పద్ధతి’ అని పిలిచే ఫైనల్స్ విధానం 1901లో వచ్చింది. పట్టికలో మొదటి నాలుగు జట్లూ సెమీస్ ఆడతాయి. ఒకటో జట్టు మూడోదానితో, రెండోది నాలుగోదానితో. ఆ ఏడాది పట్టికలో పైనున్న జిలాంగ్ సెమీస్‌లో కాలింగ్‌వుడ్ చేతిలో ఓడి ఇంటికి పోయింది. ఏడాదంతా ముందున్నవాడు ఒక్క మధ్యాహ్నంలో పోవడం అన్యాయమని గోల లేచింది. దాంతో 1902లో ఒక సవరణ చేశారు. పట్టికలో మొదట నిలిచిన జట్టు ఎక్కడ ఓడినా, చివర్లో మిగిలిన జట్టుని సవాలు చేసి ఇంకొక్క మ్యాచ్ ఆడించుకునే హక్కు దానికి ఉంటుంది. ఆ మ్యాచే గ్రాండ్ ఫైనల్. ఒక నగరంలో పత్రిక పేరు ఫైనల్స్ పద్ధతికి పెట్టారు, ఇంకో చోట పత్రికకి స్కోరు కూడడం రాదు. సరే, వదిలేయండి.

1916కి మొదటి ప్రపంచ యుద్ధం మూలంగా లీగ్‌లో నాలుగే మిగిలాయి: కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్, రిచ్‌మండ్, ఫిట్జ్‌రాయ్. ఒక్కో జట్టు మిగతా మూడింటితో నాలుగేసి సార్లు తలపడింది, అంటే పన్నెండు మ్యాచ్‌లు. గెలుపుకి నాలుగు, డ్రాకి రెండు పాయింట్ల లెక్కన కార్ల్‌టన్‌కి 40, కాలింగ్‌వుడ్‌కి 26, రిచ్‌మండ్‌కి 20, ఫిట్జ్‌రాయ్‌కి 10. ఫిట్జ్‌రాయ్ గెలిచినవి రెండు, డ్రా ఒకటి, ఓడినవి తొమ్మిది. కానీ ఉన్నవే నాలుగు జట్లు, సెమీస్‌లో నాలుగు స్థానాలు! పన్నెండు వారాలు ఆడించి ఒక్కరినీ బయటికి పంపలేదు. తప్పెవరిదైనా ఉంటే అది పాత నిబంధనని ముట్టుకోకుండా ఉంచిన లీగ్ పెద్దలది. ఇద్దరికే ఫైనల్ పెట్టి ఉంటే సరిపోయేది. ఆ తర్వాత ఫిట్జ్‌రాయ్ చేసింది మాత్రం అదృష్టం కాదు. సెమీస్‌లో కాలింగ్‌వుడ్‌ని, ఫైనల్‌లో కార్ల్‌టన్‌ని కొట్టింది. కార్ల్‌టన్ పట్టికలో మొదటిది కాబట్టి సవాలు హక్కు వాడుకుంది, గ్రాండ్ ఫైనల్‌లో మళ్లీ ఓడింది. వరసగా మూడు మ్యాచ్‌లు, అందులో రెండు ఒకే జట్టు మీద. దీన్ని దయ అంటారా? ఆఖరి స్థానానికి వేళాకోళంగా ఇచ్చే చెక్కగరిటె, విజేతకిచ్చే జెండా ఒకే ఏడాది ఒకే జట్టుకి దక్కడం లీగ్ చరిత్రలో అదొక్కసారే. ఈ ఒక్క వాక్యం సరిగ్గా రాసినా వ్యాసం నిలబడేది.

అదే వ్యాసంలో మూడో పేరాలో ‘యుద్ధం వల్ల పోటీలు రద్దయ్యాయి’ అని కూడా ఉంది. మరి 1916 విజేత ఎక్కడి నుంచి ఊడిపడ్డాడు? రద్దయింది పక్క రాష్ట్రం దక్షిణ ఆస్ట్రేలియాలో, 1916 నుంచి 1918 దాకా. విక్టోరియాలోని పాత సంఘం కూడా 1916, 1917లో ఆపేసింది. లీగ్ ఆపలేదు, ఐదు క్లబ్బులు తప్పుకున్నాయి. జిలాంగ్, సౌత్ మెల్‌బోర్న్ 1917లో, ఎసెండన్, సెయింట్ కిల్డా 1918లో, మెల్‌బోర్న్ 1919లో తిరిగొచ్చాయి. మీ పట్టికలో ఉన్న యూనివర్సిటీ జట్టు 1914 తర్వాత లీగ్‌లోనే లేదు. వరసగా 51 మ్యాచ్‌లు ఓడి వెళ్లిపోయిన పిల్లల్ని రెండేళ్ల తర్వాత మళ్లీ మైదానంలోకి ఈడ్చారు, పాపం.

యుద్ధం గురించి రాయాలని ఉంటే రాయాల్సింది వేరే ఉంది. అదే ఏడాది అక్టోబరు 28న లండన్‌లోని క్వీన్స్ క్లబ్‌లో ఆస్ట్రేలియా సైనికులే రెండు జట్లుగా ఈ ఆట ఆడారు. సైన్యంలోని మూడో డివిజన్ 6.16, శిక్షణ దళాలు 4.12. దయచేసి మళ్లీ దశాంశం చేయకండి, 52కి 36. గెలిచిన జట్టుకి సారథి సౌత్ మెల్‌బోర్న్ ఆటగాడు బ్రూస్ స్లాస్. మూడు నెలలు తిరక్కుండా, 1917 జనవరిలో, ఫ్రాన్స్‌లో చనిపోయాడు.

‘డబ్బు మకిలి అంటని స్వర్ణయుగం’ అన్న మాటకైతే నవ్వొచ్చింది. 1910 సెమీస్ ముందు కార్ల్‌టన్ చివరి నిమిషంలో ముగ్గుర్ని పక్కనపెట్టింది, కారణం లంచం ఆరోపణ. లీగ్ విచారణలో అలెక్స్ లాంగ్, డగ్ ఫ్రేజర్‌లకి ఐదేళ్ల నిషేధం పడింది, గిలెస్పీ నిర్దోషిగా బయటపడ్డాడు. చాటుమాటుగా డబ్బులిచ్చే నాటకం ఇక చాల్లే అని 1911లో ఆటగాళ్లకి జీతాలివ్వడం మీద ఉన్న నిషేధాన్నే ఎత్తేశారు.

ఈ వివరాలేవీ దాచిపెట్టినవి కావు. 1897 నుంచి లీగ్ మ్యాచ్‌ల స్కోర్లు క్వార్టర్ల వారీగా దొరుకుతాయి. ఇటు మన దగ్గర పదిహేనేళ్ల కిందటి జిల్లా కబడ్డీ ఫైనల్ స్కోరెంతో ఏ క్రీడాధికారినైనా అడిగి చూడండి. శాలువాలు ఎవరెవరికి కప్పారో ఫొటోలతో సహా చూపిస్తారు, స్కోరు షీటు మాత్రం ‘బీరువా తాళం పెద్దసారు దగ్గరుంది’. వాళ్లు దాచరు, మీరు సరిచూడరు. పేజీ నింపడానికి ఎక్కడిదో ఇంగ్లిషు ముక్క యంత్రానికి వేసి, వచ్చింది వచ్చినట్టు దించేస్తే అంపైర్ ఒక పేరాలో రెఫరీ, ఇంకో పేరాలో న్యాయనిర్ణేత అవుతాడు. అయ్యాడు కూడా. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో శనివారం పొద్దున పిల్లల్ని ఈ ఆటకి దింపొచ్చే తెలుగు తల్లిదండ్రులు మీ పత్రిక ఫోన్లో చదువుతారు. వాళ్ల పదేళ్ల పిల్లలు పట్టుకునే తప్పులివి.

సవరణ వేసేటప్పుడు పెళ్లిపందిరి ప్రకటనల కింద నాలుగు లైన్లు కాకుండా, అదే అనుబంధంలో వేయండి. 85కి 56, తేడా 29 అని అంకెల్లోనే ఉండాలి. బొమ్మ మార్చేటప్పుడు స్తంభాలు లెక్కపెట్టండి, నాలుగుండాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
టార్నీట్, మెల్‌బోర్న్