నేనొచ్చేదాక ఎవ్వల్ని దింపకు

దేవరకొండ,
ఆదివారం పొద్దుగాల

అరే దోస్తూ,

మంచిగున్నవా? సూరత్‌ల ఎండలు ఎట్లున్నయి? నిన్న ఫోన్ల నీ మాట సగమే ఇనపడ్డది. మిగిలిన సగం మీ సాంచల, గదే బట్టలు నేసే మిషన్ల, సప్పుడే మింగింది. గందుకే కాయితం పట్టిన. నా దస్తూరి చూసి నవ్వకు, డీజిల్ చేతులు.

నువ్వు అడిగింది ఏంది? పదేండ్ల సంది వాడని మీ బాయిల ఇద్దరు మనుషుల్ని దింపి పూడిక తీయిస్తే ఎంతైతదని. పైసల ముచ్చట తర్వాత. నేను గాలి కొట్టే నా కంప్రెషర్ తీసుకొని వచ్చేదాక ఆ బాయిల ఎవ్వల్ని దింపకు. మీ చిన్నాయన "మన బాయే కద, మీరిద్దరు ఈత నేర్సుకున్న బాయే కద" అంటడు. నిజమే, నువ్వు గట్టు మీదికెల్లి నూకితే మూడు గుటకలు మింగింది నేను అండ్లనే. కానీ అప్పుడు అండ్ల నీళ్లుండె. ఇప్పుడు కంప మొలిచి, ఆకు పడి, అడుగున మురుగుతున్నది. ఆకు మురిగితే గాలిల ఉన్న ఆక్సిజన్‌ను తింటది, బొగ్గుపులుసు వాయువు ఇడుస్తది. అది మామూలు గాలి కన్న బరువు. బిందెల నీళ్లున్నట్టు బాయి అడుగున ఊకనే కూసుంటది. రంగు లేదు, వాసన లేదు.

మన పెద్దోళ్లకు తెల్వక కాదు. లాంతరు దింపి చూసెటోళ్లు, వేపమండలు తాడుకు కట్టి కిందికి మీదికి ఆడించెటోళ్లు, గాలి కలవాలని. మామూలు గాలిల ఆక్సిజన్ 21 శాతం ఉంటది. 16, 17కు పడితే దీపం ఆరుతది, మనిషి ఇంకొంచెం తక్కువైనంక పడిపోతడు. అంటే దీపం ముందే చెప్తది. మంచి ఉపాయమే. కానీ ఆ లాంతరును నమ్మే నేను సావబోయిన. నీకు ఈ ముచ్చట పూర్తిగ ఎన్నడు చెప్పలే, ఇంట్ల తెలుస్తదని.

2004 ఎండాకాలం. చందంపేట దిక్కు ఒకాయన బాయిని ఇంకింత లోతుకు తవ్వుతున్నం. నీళ్లు తోడనీకి ఆయిల్ ఇంజన్‌ను బాయిలకే దింపి, లోపలి మెట్టు మీద పెట్టిన్రు. రాత్రంత నడిచి డీజిల్ అయిపోయి బంద్ పడ్డది. తెల్లారి లాంతరు దింపితే సక్కగ వెలుగుతున్నది. దిగిన. ఇంజన్ పొగల ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు దీపం ఆరదని అప్పుడు నాకేం ఎరుక? అది రక్తంల ఆక్సిజన్ కూసునే జాగలకు పోయి తానే కూసుంటదట. ముందు నుదురు బరువెక్కింది, జ్వరమొచ్చినట్టు. తట్ట ఎత్తుదామని వంగితే మోకాళ్లు నా మాట ఇంటలేవు. ఇచ్చిత్రమేందంటే భయం కూడ కాలే. జర కూసుంటే హాయిగుంటది అనిపించింది. పైకి చూస్తే మా మేస్త్రి రెండు తలకాయలతోని కనపడ్డడు.

నాతోని పనిచేసే పిలగాడు "అన్నా" అని ఒర్లి, తాడు పట్టుకొని దిగబోయిండట. మేస్త్రి వాని కాలరు పట్టి ఎనకకు గుంజి చెంప మీద ఒక్కటి ఇచ్చిండు. ఒకడు పడితే తీయబోయి ఇంకిద్దరు పడుడు, బాయిలల్ల పీనుగుల లెక్క గట్లనే పెరుగుతది. తర్వాత డ్రిల్లింగ్ మిషన్‌కున్న గాలి పైపు ఊడబీకి, కొసకు రాయి కట్టి నా కాడికి దింపి, వాల్వు మెల్లగ తిప్పిండు. దుమ్ము లేసింది, చెవులు గుయ్యిమన్నయి. ఆ గాలి నిండ ఆయిల్ కంపు. ఆ కంపునే మూతి పెట్టి తాగిన, ఆకలైన దూడ పొదుగు కాడ తాగినట్టు. పావుగంటకు నడుముకు తాడు కట్టుకునే తెలివొచ్చింది. పైకొచ్చినంక మూడు దినాలు తలనొప్పి.

తర్వాత నా సొంత కంప్రెషర్ కొన్న సంగతి నీకు తెలుసు. రాళ్లు పలగ్గొట్టనీకి కొన్నవని నువ్వనుకున్నవు.

ఇదంత ఇప్పుడెందుకు యాదికొచ్చిందంటే, ఎస్ఎల్‌బీసీ సొరంగం, గదే శ్రీశైలం ఎడమ గట్టు కాలువది. 2025 ఫిబ్రవరి 22 పొద్దుగాల దోమలపెంట కాడ కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నరు కద. మన నల్లగొండ ఫ్లోరైడు ఊర్లకు కృష్ణ నీళ్లు తెస్తమని తవ్వుతున్న సొరంగం. దాదాపు 44 కిలోమీటర్ల పొడుగు, మీద అమ్రాబాద్ పులుల అడవి, గందుకే నడుమల ఎక్కడ పక్క దారి గాని పైకి బొక్క గాని పెట్టలే. కూలింది మూతి కాడికెల్లి 14 కిలోమీటర్ల లోపల. పోయే గాలి గొట్టం, మట్టి మోసే బెల్టు రెండు దెబ్బతిన్నయి. నేను అప్పుడు అచ్చంపేట దిక్కు పనిమీద పోయి, శ్రీశైలం రోడ్డు మీద వరుసగ నిలబడ్డ అంబులెన్సులను చూసిన. టీ కొట్టు కాడ ఎవ్వరు మాట్లాడుతలేరు. సింగరేణి రెస్క్యూ వాళ్లొచ్చిన్రు, మిలిటరీ వచ్చింది, ఎలుక బొక్కల లెక్క తవ్వే కూలీలు వచ్చిన్రు, పీనుగుల వాసన పట్టే కేరళ కుక్కలొచ్చినయి. మార్చి 9న ఒక పీనుగ, 25న ఇంకొకటి. మిగిలిన ఆరుగురు ఆ బురదలనే ఉండిపోయిన్రు. ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పంజాబ్, కశ్మీర్ పిలగాండ్లు. దేశమంతట డ్యాములు తవ్వింది పాలమూరోళ్లు అంటరు, పాలమూరు గుట్టల కింద వేరే రాష్ట్రాలోళ్లు పోయిన్రు.

రాత్రి పండుకుంటే ఒకటే లెక్క తలకాయల తిరుగుతుండె. అమెరికా బొగ్గు గనులల్ల, ఆపద వస్తే దాక్కునే అర్రలుంటయి. అండ్ల మనిషికి నిమిషానికి 12.5 ఘనపుటడుగుల మంచి గాలి, 96 గంటల దాక అందాలని వాళ్ల రూలు. ఎనిమిది మందికి లెక్క కట్టు, సరిగ్గ 100. ట్రాక్టర్ ఎనక నేను గుంజుకపోయే కంప్రెషర్ డబ్బా అంతకన్న ఎక్కువే ఇస్తది. నా డబ్బా గాలి ఎనిమిది మందికి సరిపోతది రా! కానీ 14 కిలోమీటర్ల కొసకు, బురద అవతలికి దాన్ని మోసే గొట్టం యాడిది? పైకెల్లి బోరు ఏద్దామంటే వందల మీటర్ల గుట్ట. పోనీ గొట్టం ఉన్నదే అనుకో, మీద పడ్డది మట్టి ఒక్కటే కాదు, నీళ్లు గూడ. గాలి నిలవనీకి జాగ ఉండాలె కద.

2023ల ఉత్తరాఖండ్ సిల్క్యారాల 41 మంది బతికింది గందుకే. వాళ్ల ముంగట మట్టి కూలింది గాని, ఎనక రెండు కిలోమీటర్ల సొరంగం ఖాళీగుండె, లైట్లు గూడ వెలిగినయి. మట్టి కింద నాలుగంగుళాల గొట్టం ఒకటి పలగకుండ మిగిలింది. ఆ గొట్టంలకెల్లే గాలి, అండ్లకెల్లే మురుమురాలు, శనగలు. ఆరంగుళాల గొట్టం పోయింది తొమ్మిదో దినం, అప్పుడు వేడి కిచిడీ. 17 దినాలకు మనుషులు బయటికొచ్చిన్రు. టీవీల చివరి దినం పూలదండలే చూపెట్టిన్రు. నాకైతే ఆ మొదటి నాలుగంగుళాల గొట్టానికి ఒక దండ ఏయాలనిపించింది.

ఇంకోటి చెప్త, నీకు మస్తు నచ్చుతది. అమెరికా పెన్సిల్వేనియాల క్యూక్రీక్ అని ఒక గని, 2002 జూలై. పక్కనున్న పాత గని నీళ్లు దూకి తొమ్మిది మంది చిక్కిన్రు. పైనోళ్లు ఏం చేసిన్రు తెలుసా? మన లెక్కనే బోరేసిన్రు! ఆరంగుళాలు, 240 అడుగులు. మనూర్ల 240 అడుగులకు నీళ్లు పడితే కోడిని కోస్తం, గంతే లోతు. బోరు పడినంక కిందోళ్లు రాడ్డు మీద తొమ్మిది దెబ్బలు కొట్టిన్రు, తొమ్మిది మందిమి ఉన్నమని. కంప్రెషర్‌తోని వేడి గాలి కొడితే ఊపిరికి ఊపిరి, పైంగ ఆ గాలి ఒత్తిడికి నీళ్లు దగ్గరికి రాకుండ ఆగినయి. 77 గంటలకు అందరు బయటపడ్డరు. మన జిల్లాల ఎన్ని బోరు బండ్లున్నయో చూడు, పొలానికి రెండు ఎండిన బోర్లు. ఆ పనితనమంత నీళ్లు లేని జాగలనే కరిగిపోతున్నది. సరే, ఏడుపు ఆపుత.

మళ్ల నీ బాయి కాడికే. నేను వచ్చే శుక్కురారం వస్త. ముందుగాల మీదికెల్లే కంప కొట్టిపెట్టమని చిన్నాయనకు చెప్పు, దిగి కాదు. నీళ్లు తోడాలంటే మోటరు పైననే ఉండాలె, ఆయిల్ ఇంజన్ బాయిలకు దింపితే నేను బండి మలుపుకొని పోత. నాలుగు రకాల గాలిని కొలిచే చిన్న మీటరు ఒకటి ఉంటది, సెల్ ఫోనంత. ఒక దోస్తు కాడ అడిగిన, ఇస్తనన్నడు. తాడు కట్టి అడుగుదాక దింపి చూస్తం, నడుమల ఒకసారి, అడుగున ఒకసారి. ఆక్సిజన్ 19.5 కన్న తక్కువుంటే అది కూస్తది. గాలి పైపు అడుగున పెట్టి రెండు గంటలు కొడత, మళ్ల కొలుస్త. నా డబ్బాకు ఇప్పుడు ఆయిల్ పట్టే ఫిల్టర్ ఉన్నది, గాలి పీల్చే మూతి సైలెన్సర్ పొగకు దూరంగ మలిపిన. ఆక్సిజన్ సిలిండర్ తెస్తనన్నవు ఫోన్ల, వద్దు. ఆ ఆక్సిజన్ బాయిల నిండితే, అంటుకోనీకి బీడీ నిప్పు రవ్వ చాలు. దిగెటోడు నడుముకు తాడు కట్టుకుంటడు, తాడు కొస పట్టుకునెటోళ్లు ఇద్దరు. అండ్ల ఒకణ్ణి నేనే. పని జరిగినంతసేపు గాలి బంద్ కాదు.

కూలి నాకేం వద్దు గాని డీజిల్ పైసలు మాత్రం పెట్టుకో, ఈసారి "తర్వాత ఇస్త" అంటే ఒప్పుకోను. అమ్మను అడిగినట్టు చెప్పు. చెల్లె చేసిన ఆవకాయ ఇంకా ఉన్నదా, అయిపోయిందా?

నీ
దోస్తు